బాబు తల పక్కకు వంచి చూస్తున్నాడు: ఆపరేషన్ కంటికా, మెడకా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా చింతపల్లి మండలంలోని ఒక పల్లె. మా బాబుకు ఆరేళ్లు, ఒకటో తరగతి చదువుతున్నాడు. కూర్చోవడం నేర్చిన కొన్నాళ్లకు తల ఎడమ భుజం వైపు వంచి చూడడం మొదలుపెట్టాడు, ఇప్పటికీ అలాగే చూస్తున్నాడు. మెడ పట్టిందని మా అత్తమ్మ చాలా రోజులు నూనెతో రుద్దించింది. పిల్లల డాక్టరు ఎక్స్‌రే తీయించి ఎముకలు బాగున్నాయన్నారు. కొన్ని నెలలు ఫిజియోథెరపీ చేయించినా తేడా రాలేదు. ఈ మధ్య కంటి డాక్టరు చూసి కుడికంటి కండరం ఒకటి బలహీనంగా ఉందని, ఆపరేషన్ అవసరం కావచ్చని చెప్పారు. బాబు దూరం నుంచి కూడా అక్షరాలన్నీ చదువుతాడు. మెడ వంకరకు కంటికి కోత ఏమిటని ఇంట్లో ఎవరూ ఒప్పుకోవడం లేదు. మా నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల ఇలా అయిందా, మాది మేనరికం కాబట్టి వచ్చిందా? ఆపరేషన్ చేయిస్తే ఉన్న చూపు పోతుందేమోనని భయంగా ఉంది. బడిలో సారు రోజూ తల సరిగ్గా పెట్టమని మందలిస్తున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు రాసిన వివరాలన్నీ కంటి డాక్టరు చెప్పిన మాటకే బలం ఇస్తున్నాయి. పుట్టిన వెంటనే కాకుండా బిడ్డ తల నిలిపి కూర్చోవడం మొదలయ్యాక వంపు కనిపించడం, మెడ ఎముకలు బాగుండడం, నెలల తరబడి చేసిన ఫిజియోథెరపీ పని చేయకపోవడం, అన్నిటికంటే ముఖ్యంగా కుడికంటి కండరంలో బలహీనత ఉన్నప్పుడు తల ఎడమ వైపు వంగి ఉండడం, ఇవన్నీ ఒకదానితో ఒకటి అతికినట్టు సరిపోతున్నాయి. మీ బాబు మెడలో జబ్బు ఉండి తల వంగడం లేదు. కళ్లు రెండూ కలిసి పనిచేయడానికి వాడే తల వంచుకుంటున్నాడు. అందువల్ల సరిచేయవలసింది ఏదైనా ఉంటే అది కంటిలోనే ఉంటుంది.

ఇది ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇంట్లో పెద్దలను ఒప్పించవలసింది మీరే. ప్రతి కనుగుడ్డునూ ఆరు కండరాలు పట్టి తిప్పుతుంటాయి. వాటిలో సుపీరియర్ ఆబ్లిక్ అనే కండరం, నేరుగా సాగే నాలుగు కండరాల్లా వెనుక నుంచి తిన్నగా వచ్చి గుడ్డుకు అతుక్కోదు. కంటి గూటిలో ముక్కు వైపు పైమూలన ఉన్న చిన్న మెత్తని ఎముక వంకీ గుండా, బావి గిలక మీదుగా చేదతాడు మలుపు తిరిగినట్టు, దాని స్నాయువు, అంటే కండరం చివర ఉండే గట్టి తాడు, మలుపు తిరిగి వచ్చి గుడ్డు పైభాగాన్ని పట్టుకుంటుంది. దీన్ని నడిపించేది నాలుగో కపాల నాడి. మెదడు కాండం వెనుక వైపు నుంచి బయటికి వచ్చే కపాల నాడి ఇదొక్కటే. కపాలం లోపల అన్నిటికంటే ఎక్కువ దూరం ప్రయాణించే సన్నని నాడి కూడా ఇదే. కొందరు పిల్లల్లో పుట్టుకతోనే ఈ నాడి సరిగా పనిచేయదు, మరికొందరిలో నాడి కంటే ఆ స్నాయువే వదులుగా ఉంటుంది. రెండింటి ఫలితం ఒకటే. కన్ను ముక్కు వైపు తిరిగి ఉన్నప్పుడు దాన్ని కిందికి దించడం, గుడ్డు పైఅంచును ముక్కు వైపుకు వాల్చడం ఈ కండరం చేసే పనులు. అది బలహీనమైతే ఆ కన్ను కొద్దిగా పైకి లేస్తుంది, పైఅంచు బయటి వైపుకు వాలిపోతుంది.

అప్పుడు తల నిటారుగా పెట్టి చూస్తే ఒకే వస్తువు రెండుగా, ఒకటి కింద ఒకటి పైన, అందులో ఒకటి కొంచెం ఏటవాలుగా కనిపిస్తుంది. తలను ఎడమ భుజం వైపు వంచితే కుడికన్ను ఆ బలహీనమైన కండరం మీద ఆధారపడవలసిన అవసరం తగ్గిపోయి రెండు బొమ్మలూ ఒకటవుతాయి. మీ బాబు మాటలు కూడా రాని వయసులో ఈ ఉపాయం తానే కనిపెట్టుకున్నాడు. వాడికి ఇది అలవాటూ కాదు, గారాబమూ కాదు. తల వంచినంత సేపు వాడికి సారు ఒక్కరే, నల్లబల్ల ఒక్కటే.

కాబట్టి బడిలో సారు మందలించడం గురించే ముందుగా చెప్పాలి. ఆయన మంచి కోరే చెబుతున్నారు, కానీ బాబు ఆయన మాట విని తల నిటారుగా పెడితే అక్షరాలు రెండేసి కనిపిస్తాయి, లేదా మెదడు ఆ గందరగోళం భరించలేక ఒక కంటి నుంచి వచ్చే బొమ్మను లెక్కలోకి తీసుకోవడం మానేస్తుంది. ఈ రెండోది మొదటిదాని కంటే చెడ్డది. కంటి డాక్టరు రాసిన చీటీ నకలు ఒకటి సారుకు ఇచ్చి, చికిత్స పూర్తయ్యే దాకా తల విషయం ఎత్తవద్దని, తోటి పిల్లలు వంకర మెడ అని పేరు పెట్టి పిలిస్తే వారించమని అడగండి. ఇంట్లో కూడా అన్నం తినేటప్పుడో టీవీ చూసేటప్పుడో తల పట్టుకుని నిలబెట్టడం మానేయండి. ఇదే సందర్భంలో మరొక మాట. ఏ చికిత్సా చేయకుండానే తల వంపు దానంతటదే పోయి, కన్ను మాత్రం పైకి లేచే కనిపిస్తుంటే, తగ్గిపోయిందని సంతోషించకండి. రెండు కళ్లనూ కలిపి వాడే ప్రయత్నాన్ని మెదడు వదిలేసిందేమోనని అనుమానించి వెంటనే చూపించాలి.

డాక్టరు మాట మీద నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే కొన్ని సంగతులు గమనించవచ్చు. బాబు గాఢంగా నిద్రపోతున్నప్పుడు తల ఎలా ఉందో చూడండి. కంటి వల్ల వచ్చే వంపు నిద్రలో సాధారణంగా ఉండదు. టీవీ ముందు కూర్చున్నప్పుడు ఒక కన్ను అరచేతితో మూసి కాసేపు ఉంచండి. ఒకే కన్ను పనిచేస్తున్నప్పుడు బొమ్మలను కలపవలసిన పని ఉండదు కాబట్టి చాలామంది పిల్లలు తమకు తెలియకుండానే తల నిటారుగా పెడతారు. పడుకోబెట్టి మెడను మెల్లగా రెండు వైపులా తిప్పి చూడండి. ఎక్కడా పట్టేయకుండా పూర్తిగా తిరగాలి. చివరగా తలను కుడి భుజం వైపు వంచి ఎదురుగా ఉన్న వస్తువును చూడమని చెప్పి, ఫోన్‌లో వీడియో తీయండి. అప్పుడు కుడికన్ను స్పష్టంగా పైకి లేస్తే మీ అత్తమ్మకు కూడా వేరే సాక్ష్యం అక్కరలేదు. తల కుడివైపు వంగినప్పుడు కుడిగుడ్డు పైఅంచును ముక్కు వైపుకు వాల్చవలసిన పని రెండు కండరాలది. అందులో ఒకటి బలహీనమైనప్పుడు రెండోది ఒక్కటే ఆ పని చేయబోతుంది. దానికి కన్నును పైకి లాగే గుణం కూడా ఉండడంతో గుడ్డు లేస్తుంది. జర్మన్ వైద్యుడు బీల్షోవ్‌స్కీ పేరుతో డాక్టర్లు నేటికీ చేసే పరీక్ష ఇదే. 1958లో అమెరికా కంటి వైద్యుడు మార్షల్ పార్క్స్ దీన్ని చేర్చి చెప్పిన మూడు మెట్ల పరీక్షతో ఏ కంటిలో ఏ కండరం బలహీనమో తేల్చుకుంటారు. అయితే ఇంట్లో చేసినవి అనుమానం తీర్చుకోవడానికే. కన్ను మూస్తే తల నిలబడుతోంది కదా అని రోజుల తరబడి కంటికి గుడ్డ కట్టి ఉంచకూడదు.

పిల్లల డాక్టరు ముందు మెడ వైపు చూడడం తప్పేమీ కాదు. పసిపిల్లల్లో తల వంపుకు మెడ పక్కనుండే కండరం బిగుసుకుపోవడం ముఖ్యమైన కారణం. అది పుట్టిన మొదటి వారాల్లోనే బయటపడుతుంది, కొందరిలో మెడ మీద చిన్న గడ్డలా తగులుతుంది, తలను రెండో వైపు తిప్పబోతే గట్టి తాడులా అడ్డుపడుతుంది, నిద్రలో కూడా వంపు అలాగే ఉంటుంది. ఏడాదిలోపు మొదలుపెడితే వ్యాయామాలతోనే చాలామందికి తగ్గుతుంది. మెడ సులువుగా తిరుగుతూ, వ్యాయామంతో తేడా రాకపోతే మాత్రం అక్కడితో ఆగకుండా కంటి డాక్టరు దగ్గరకు పంపాలి. నూనె మర్దన వల్ల ఈ కండరానికి మేలు జరగదు. మెత్తగా రాసినంత వరకు హాని కూడా లేదు కానీ, మెడ విరిచి సరిచేస్తామనే వారి చేతికి పిల్లవాడిని ఇవ్వవద్దు.

దూరం నుంచి అక్షరాలన్నీ చదువుతున్నాడు కదా అన్నారు. అక్షరాల పట్టిక ఒక్కొక్క కన్ను ఎంత స్పష్టంగా చూస్తోందో చెబుతుంది. రెండు కళ్లూ ఒకే చోట నిలుస్తున్నాయా లేదా అన్నది అందులో తేలదు. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు లాంటి శిబిరాలు అద్దాలు అవసరమైన వాళ్లనూ శుక్లాలున్న వాళ్లనూ పెద్ద ఎత్తున గుర్తించడానికి ఉద్దేశించినవి. పట్టిక మొత్తం చదివేసిన పిల్లవాడు అలాంటి చోట బాగున్నాడనిపించుకుని బయటికి వస్తే ఆశ్చర్యం లేదు. తల వంచి చదువుతున్నాడా అని కూడా చూస్తేనే ఇది పట్టుబడుతుంది.

ఫ్లోరైడ్ గురించి మీ అనుమానం మీ ప్రాంతంలో సహజమే. మర్రిగూడ, చండూరు, మునుగోడు, చింతపల్లి వైపు ఒంగిపోయిన నడుములు, బిగుసుకుపోయిన మెడలు చూస్తూ పెరిగినవారికి పిల్లవాడి మెడ వంగితే ముందు నీళ్లే గుర్తుకు రావడంలో వింత లేదు. కానీ ఎముకల ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగిన మీదట వస్తుంది, వెన్నెముక మొత్తం బిరుసెక్కుతుంది, మనిషి పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పవలసి వస్తుంది. మెడ అన్ని వైపులా స్వేచ్ఛగా తిరిగే ఆరేళ్ల పిల్లవాడిలో ఒక వైపు మాత్రమే వంపు ఉండడం దాని లక్షణం కాదు. పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు ఉంటే అవి ఫ్లోరైడ్ వల్ల కావచ్చు, వాటికీ ఈ కంటి సమస్యకూ సంబంధం లేదు. మేనరికం విషయం కూడా ఇంతే. దగ్గరి పెళ్లిళ్లలో కొన్ని కంటి జబ్బులకు అవకాశం పెరగడం నిజమే కానీ, ఈ కండరం బలహీనత ఎక్కువగా కుటుంబంలో ఒక్కరిలోనే, ఏ వరుస లేకుండా కనిపిస్తుంది. కాబట్టి ఎవరినీ నిందించుకోవలసిన అవసరం లేదు.

మీలాంటి అనుభవమే ఉన్న ఇతర పాఠకుల కోసం ఒక మాట కలుపుతాను. కంటి వల్ల తల పక్కకు వంగడమే కాదు, ముఖం ఒక వైపు తిప్పి చూడడం, గడ్డం పైకెత్తి లేదా కిందికి దించి చూడడం కూడా జరుగుతాయి. పైరెప్ప వాలిన పిల్లలు దాని కిందనుంచి చూడడానికి గడ్డం ఎత్తుతారు. కన్ను బయటి వైపు తిరగని డ్యూయేన్ సిండ్రోమ్‌లో సాధారణంగా ఆ కంటి వైపే ముఖం తిప్పి చూస్తారు. ఇది ఎడమకంటికి, ఆడపిల్లలకు ఎక్కువగా వస్తుంది. కళ్లు ఆగకుండా ఊగుతుండే నిస్టాగ్మస్‌లో సంగతి ఇంకోలా ఉంటుంది. ఆ ఊపు ఏదో ఒక దిక్కున చూసినప్పుడు బాగా తగ్గి చూపు తేటపడుతుంది కాబట్టి, కళ్లు ఆ దిక్కుకు వెళ్లేలా పిల్లలు ముఖాన్ని ఎదురు దిక్కుకు తిప్పుకుంటారు. వాళ్లకు ఒక కన్ను మూసినా తల సరికాదు, ఎందుకంటే అక్కడ సమస్య రెండు బొమ్మలు కలపడం కాదు. ఇలాంటి పిల్లలను బడిలో నల్లబల్లకు ఎదురుగా కాకుండా, వాళ్లకు చూపు తేటగా ఉండే దిక్కున నల్లబల్ల పడేలా కూర్చోబెట్టడం పెద్ద సాయం. వంపు మరీ ఎక్కువైతే ఆ నిశ్చలమైన దిక్కును ముందుకు తెచ్చేలా కండరాలను జరిపే ఆపరేషన్ ఉంది. దాన్ని 1953లో కెస్టెన్‌బామ్, ఆండర్సన్ వేరువేరుగా ప్రతిపాదించారు. అడ్డపవరు (సిలిండర్ పవరు) ఎక్కువగా ఉండి అద్దాలు లేని పిల్లలు, ముక్కు మీద జారిపోయే వదులు ఫ్రేమ్ పెట్టుకున్న పిల్లలు కూడా తల రకరకాలుగా పెట్టి చూస్తారు. వీళ్లకు సరైన అద్దాలే వైద్యం.

ఆలస్యం చేయకూడని పరిస్థితులు కొన్ని ఉన్నాయి. అంతవరకు బాగున్న పిల్లవాడు ఉన్నట్టుండి తల వంచడం మొదలుపెట్టినా, దానికి తోడు తలనొప్పి, పొద్దున లేవగానే వాంతులు, నడకలో తూలడం, ఒకటి రెండుగా కనిపిస్తోందని చెప్పడం, మెడనొప్పి, జ్వరం ఉన్నా, తలకు దెబ్బ తగిలిన తర్వాత ఇలా అయినా, కంటి పరీక్షతో పాటు మెదడు స్కానింగ్ గురించి కూడా డాక్టరు ఆలోచించాలి. పసిపిల్లల్లో తల ఆడించడం, కళ్లు ఊగడం, మెడ వంపు మూడూ కలిసి కనిపించినా అంతే. మీ బాబుకు అయిదేళ్లుగా ఒకే తీరులో ఉండి, ఆటలు, నడక మామూలుగా ఉంటే కంగారు పడవలసింది లేదు. దీన్ని నిరూపించడానికి పాత ఫోటోలను మించినవి లేవు. మొదటి పుట్టినరోజు, అన్నప్రాసన, పెళ్లిళ్లలో తీసినవి వయసు వరుసలో పెట్టి డాక్టరుకు చూపించండి. ప్రతి ఫోటోలోనూ తల ఎడమ వైపే వంగి ఉంటే అది పుట్టుకతో వచ్చినదేనని ఆయన నమ్మకంగా చెప్పగలుగుతారు, అనవసరమైన స్కానింగు ఖర్చు కూడా తప్పవచ్చు.

ఇక ఆపరేషన్. ముందుగా కంట్లో చుక్కలు వేసి అద్దాల పవరు చూడాలి. పవరు ఉంటే అద్దాలు పెట్టి వంపు ఎంత తగ్గుతుందో గమనిస్తారు. వంపు స్వల్పమైతే కొందరికి బొమ్మను కొద్దిగా జరిపి చూపే ప్రిజం అద్దాలతో సరిపెట్టవచ్చు, లేదా ఆరు నెలలకొకసారి చూస్తూ ఉండవచ్చు. వంపు అందరికీ కనిపించేంత ఉంటే ఆపరేషన్‌నే నేను సమర్థిస్తాను. ఏళ్ల తరబడి తల ఒక వైపే ఉంచితే ఆ వైపు ముఖం కొద్దిగా చిన్నదిగా ఎదుగుతుంది, మెడ కండరాలు నిజంగానే కురచబడతాయి. చిన్నప్పుడు నెట్టుకొచ్చినవారిలో కొందరికి ముప్పై, నలభై ఏళ్లు దాటాక ఆ ఉపాయం కూడా పనిచేయక ఒకటి రెండుగా కనిపించడం మొదలవుతుంది. అలాగని ఇది ఈ వారంలోనే చేయించవలసిన పనీ కాదు; పరీక్ష రెండోసారి చేసినప్పుడు కూడా కొలతలు ఒకేలా వచ్చాయా అని అడిగి, బడి సెలవుల్లో పెట్టుకోవచ్చు.

కన్ను బయటికి తీసి చేస్తారని ఊళ్లలో ఒక నమ్మకం ఉంది, అది నిజం కాదు. పిల్లవాడికి పూర్తి మత్తు ఇచ్చి, తెల్లగుడ్డు మీది పలుచని పొరలో చిన్న కోత పెట్టి, కండరాన్ని మాత్రమే సరిచేస్తారు. చాలామందిలో బలహీనమైన కండరానికి ఎదురుగా అతిగా లాగుతున్న ఇన్‌ఫీరియర్ ఆబ్లిక్‌ను వదులు చేస్తే సరిపోతుంది. స్నాయువు బాగా వదులుగా ఉన్నవారిలో దాన్ని మడిచి బిగిస్తారు. కనుగుడ్డు లోపలి భాగాలను తాకరు కాబట్టి చూపు పోయే ప్రమాదం చాలా అరుదు. మత్తుకు సంబంధించిన మామూలు జాగ్రత్తలు మాత్రం ఉంటాయి. దగ్గు, జలుబు ఉంటే వాయిదా వేస్తారు. కన్ను రెండు మూడు వారాలు ఎర్రగా ఉంటుంది, ఆ రోజుల్లో బావిలో, చెరువులో ఈత, మట్టిలో ఆటలు వద్దు. తల వంపు మరునాటికే పోవాలని ఆశించవద్దు. కొందరిలో వారాల మీద తగ్గుతుంది, మెడ కండరం ఇప్పటికే బిగుసుకున్నవారికి ఆ దశలో ఫిజియోథెరపీ నిజంగా ఉపయోగపడుతుంది. కొద్దిపాటి వంపు మిగలడం, ఎప్పుడైనా రెండో ఆపరేషన్ అవసరం కావడం కూడా జరగవచ్చని ముందే తెలిసి ఉండడం మంచిది.

ఈ పనికి అన్ని కంటి ఆసుపత్రులూ సరిపోవు. పిల్లల కళ్లు, మెల్లకన్ను చూసే ప్రత్యేక నిపుణులు కావాలి. మీ వైపు నుంచి మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా హైదరాబాద్ చేరితే మెహిదీపట్నంలో ప్రభుత్వ సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది, బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డబ్బు కట్టలేని వారిని కూడా చూస్తారు. బడికి వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం ద్వారా జిల్లా కేంద్రం నుంచి సిఫారసు చీటీ రాయించుకునే వీలుందేమో ప్రధానోపాధ్యాయుణ్ని అడగండి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర ఈ ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కిందికి వస్తుందో లేదో చేరే ముందే తేల్చుకోండి.

వెళ్లేటప్పుడు పాత ఫోటోలు, ఫోన్‌లో తీసిన వీడియో, ఎక్స్‌రే, ఫిజియోథెరపీ చీటీలు వెంట తీసుకెళ్లండి. పవరు పరీక్షకు వేసే చుక్కల వల్ల దగ్గరి అక్షరాలు కొన్ని గంటల నుంచి ఒక రోజు వరకు, అట్రోపిన్ వేస్తే ఇంకా ఎక్కువ రోజులు మసకగా ఉంటాయి, వెలుతురు చూడలేకపోతాడు. అందువల్ల ఆ వారంలో పరీక్షలు లేకుండా చూసుకుని, ఎండకు టోపీ ఒకటి పెట్టి తీసుకెళ్లండి.